చిలకల చీర నందిగామ వెళ్ళిన రోజు

మొన్న మా దయామణి పిన్ని వచ్చి రెండు రోజులుండి వెళ్ళింది. బాబుకి మూడో నెల. వాడిని చూడడానికని జగ్గయ్యపేటలో పొద్దున్నే బస్సెక్కి, చంకలో ఒక మూట, చేతిలో ఒక మూటతో మా నందిగామ అద్దె ఇంటి గుమ్మంలో దిగి, చెప్పులు కూడా విప్పకుండా "ఏడే నా మొగుడు?" అని కేకేసింది. మూటల నిండా వాడికే. తన చేత్తో రంగు అచ్చులద్దిన మెత్తటి గుడ్డలు, ఉయ్యాలకీ, పక్కకీ, తల కిందకీ. వాడు ఉయ్యాల గుడ్డ అంచు దొరకబుచ్చుకుని నోట్లో పెట్టుకున్నాడు. నేను అరిచిన అరుపుకి పక్కింటావిడ పరుగెత్తుకొచ్చింది. రంగు కదా, కడుపులోకి పోతే? పిన్ని అదే అంచు తన నోట్లో పెట్టుకుని చప్పరించి, "కాస్త ఉప్పు తగ్గిందే" అంది.

ఇప్పుడు వాడు నిద్రపోతున్నాడు. ఊపిరి తీస్తున్నాడా లేదా అని రెండు వాక్యాలకొకసారి లేచి చూసి వస్తున్నాను. డిగ్రీ చదివినదాన్ని, ఇలా భయపడకూడదని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన భయం పోదు. చిన్నప్పుడు నేను పెరిగిన ఇంట్లో మాత్రం ఎవరికీ ఏ భయమూ లేనట్టే ఉండేది. ఒక్క తాతయ్య ప్రార్థన తప్ప.

అమ్మా నాన్నా చందర్లపాడు దగ్గర పల్లెలో మిషన్ బడి టీచర్లు. అక్కడ పై తరగతులు లేవని నన్ను జగ్గయ్యపేటలో తాతయ్య ఇంట్లో ఉంచారు. తాతయ్యా బడి పంతులే. ఆయన ఇంట్లో ఉన్నా బళ్ళో ఉన్నట్టే ఉండేవాడు. గోడ గడియారం చూడకుండా మంచినీళ్ళు కూడా తాగేవాడు కాదు. అమ్మమ్మ ఆయన వెనకాలే నడుస్తూ, ఆయన అన్న ప్రతి మాటకీ "ఆఁ, సరేలెండి" అని, తనకు తోచినట్టు చేసేది. పిన్ని ఆ ఇంటి ఆఖరి కూతురు. బందరులో మిషన్ వాళ్ళు ఆడపిల్లలకి చేతిపనులు నేర్పే చోట చేరి, కుట్లూ అల్లికలూ నేర్చుకుని వస్తుందనుకుంటే, ఒక ట్రంకుపెట్టె నిండా కొయ్య అచ్చులతో దిగిందట. బట్టలకన్నా అచ్చులే ఎక్కువ. మామిడి పిందెలు, లతలు, చేపలు, నెమళ్ళు, చిలకలు. "ఇవేంటే?" అని అమ్మమ్మ అడిగితే "నా ఉజ్జోగం" అందట.

ఆ ఉద్యోగం వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది. కోరా బట్టని ముందు ఉతికి, కరక్కాయల పొడి కలిపిన గేదెపాలల్లో నానబెట్టి ఆరేసేది పిన్ని. వేసవిలో ఆ పాలు పులిసి వీధి మొదట్లోకే వాసన కొట్టేది. దొడ్డి మూల ఒక పాత జాడీలో తుప్పు పట్టిన మేకులూ, గుర్రపు నాడాలూ, బెల్లం నీళ్ళూ కలిసి బుడబుడలాడుతూ ఉండేవి. అది నలుపు రంగుకి. ఇంట్లో ఏ మేకు కనపడకపోయినా అమ్మమ్మ జాడీలో చెయ్యి పెట్టి వెతికేది. ఒకసారి మా అయ్యగారు, అంటే చర్చి పాస్టరుగారు, ఎండలో పడి వచ్చి, అరుగు మీదున్న చెంబు ఎత్తి మజ్జిగనుకుని కరక్కాయ పాలు గటగటా తాగేశారు. పిన్ని దొడ్లోంచి అరుస్తూ వచ్చేసరికే చెంబు ఖాళీ. మేమంతా ఆయన మొహం చూస్తూ నిలబడ్డాం. మర్నాడు ఆయన మళ్ళీ వచ్చి, "అమ్మా, ఆ మజ్జిగ ఇంకాస్త ఉందా? ఏళ్ళ తరబడి ఇబ్బంది పడుతున్నాను, పొద్దున ఎంత సుఖంగా ఉందో" అన్నారు. ఆ తరవాత నెల రోజులు ఆయన పేరెత్తితే చాలు, నేనూ పిన్నీ పమిటలూ పరికిణీలూ నోట్లో కుక్కుకునేవాళ్ళం.

ఇంత సందడీ తాతయ్యకి నచ్చేది కాదని కాదు. ఆయనకి పిన్ని గురించి బెంగ. పెద్ద కూతురు టీచరైంది, అల్లుడు టీచరు, తనూ టీచరే. నెల తిరిగేసరికి జీతం. చిన్నది కూడా ట్రైనింగులో చేరితే తన బాధ్యత తీరిపోతుందని ఆయన ఆలోచన. సీటు కూడా మాట్లాడి ఉంచాడు. పిన్ని అద్దిన చీరలు ఊళ్ళో టీచరమ్మలూ నర్సమ్మలూ కొనేవాళ్ళుగానీ, కొన్నవాళ్ళే ఎన్నిసార్లు కొంటారు? మిగిలినవి బీరువా ఎక్కేవి. ఒకరోజు బీరువా తలుపు మూతపడలేదు. తాతయ్య దాన్ని రెండు చేతులతో నొక్కుతూ పిన్నిని పిలిచాడు.

"దయా, ఇదుగో, నీకూ నాకూ ఒక మాట. ఒక మూట కట్టుకుని నందిగామ వెళ్ళు. ఆఫీసులున్న ఊరు, ఉద్యోగస్తులున్న ఊరు. ఆ మూటలో చీర ఒక్కటి కూడా మళ్ళీ ఈ గడప తొక్కకూడదు. తొక్కిందా, జూన్‌లో ట్రైనింగు."

"తొక్కకపోతే?"

"తొక్కకపోతే ఇహ ఆ మాట ఎత్తను."

"అచ్చులు అటకెక్కించమనరుగా?"

"మాటంటే మాటే. నేనెప్పుడన్నా తప్పానా?"

తప్పలేదు. అదే భయం. ఆయన మాట రెండు వైపులా పదునే.

ఆ మూట కోసం పిన్ని రాత్రనక పగలనక పని చేసింది. పాత చీరలు కాదు, అన్నీ కొత్తవే పట్టుకెళ్ళాలని పంతం. చివరికి మిగిలింది చిలకల చీర. నల్లంచు ముందే అద్దేసింది. ఒళ్ళంతా ఎర్ర చిలకలు రావాలి. ఎరుపుకి వాడేది పటిక నీళ్ళు. దానికి రంగు ఉండదు. గుడ్డ మీద అద్దినా కనపడదు. తరవాత ఎర్ర రంగుపొడి వేసి ఉడకబెట్టినప్పుడు, పటిక పడ్డచోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. అద్దేటప్పుడు కంటికి ఆనడానికని పటిక నీళ్ళలో ఇంత ఉత్తుత్తి రంగు కలుపుతారు, అది ఉడుకులో పోతుంది. ఆవేళ ఆ ఉత్తుత్తి రంగు అయిపోయింది. కొట్టు కట్టేసి ఉంది. "తడి కనిపిస్తోందిగా, ఆరేలోగా పక్కన పక్కన కొట్టుకుంటూ పోతా" అని పిన్ని మొదలుపెట్టింది. బల్ల మీద చీర పరిచి, అచ్చు ముంచడం, అద్దడం, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దడం. తడి చిలక కాసేపు మెరిసి, ఆరిపోయి మాయమయ్యేది. ఆ మాయం కాకముందే దాని పక్కన ఇంకోటి. నేను పక్కనుండి "ఇక్కడ పిన్నీ, ఇక్కడ" అని వేలు పెట్టి చూపిస్తున్నాను. సగం దాటాం. అప్పుడు తాతయ్య చేతిగంట కొట్టాడు.

సాయంత్రం ప్రార్థన. ఆ ఇంట్లో దానికి మినహాయింపు లేదు.

"నాన్నా, ఒక్క పావుగంట!"

"దేవుడికన్నా చిలకలెక్కువా?"

చాప మీద మోకాళ్ళేశాం. తాతయ్య ప్రార్థన ఎప్పుడూ పొడుగే. కానీ ఆవేళ ఆయన పిన్ని భవిష్యత్తు గురించి ప్రార్థిస్తున్నాడు, అది ఎప్పుడూ కన్నా పొడుగు. ముందు ఊరి పెద్దలు, తరవాత దేశాన్ని ఏలేవాళ్ళు, వానలు, మిరప తోటలు, హెడ్మాస్టరుగారి మోకాలినొప్పి, హైదరాబాదు రోడ్డు మీద రాత్రింబవళ్ళు బస్సులు తోలే డ్రైవర్లు. పిన్ని ఒక కన్ను తెరిచి గుమ్మంలోంచి బల్ల వైపు చూస్తోంది. నేనూ ఒక కన్ను తెరిచి పిన్ని కన్ను వైపు చూస్తున్నాను. అమ్మమ్మ దగ్గింది. ఆయన దగ్గుతో బాధపడేవాళ్ళందరి కోసం ఒక భాగం చేర్చాడు. పిన్ని భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. నాకూ అంటుకుంది. తాతయ్య కళ్ళు మూసుకునే, "ప్రభువా, ఈ ఇంట్లో నవ్వేవాళ్ళని కూడా జ్ఞాపకం చేసుకో" అన్నాడు.

ఆమెన్ అనగానే పరుగెత్తాం. చీర మీద ఒక్క చిలక లేదు. మొత్తం ఆరిపోయి, కాచిన పాల రంగులో, ఆ చివర్నుంచి ఈ చివరికి నున్నగా ఉంది. ఎక్కడ ఆపామో తెలీదు. దీపం దగ్గర పెట్టి చూశాం, పక్కకి వంచి చూశాం. అప్పుడు పిన్నికి మహా గొప్ప ఆలోచన వచ్చింది.

"పటిక వగరుగా ఉంటుంది గదే! నాకి చూద్దాం."

ఆ చివర తనూ, ఈ చివర నేనూ నాకడం మొదలుపెట్టాం. "ఇక్కడ వగరు పిన్నీ!" "ఇక్కడా వగరే!" "ఇక్కడ కూడా!" చీరంతా వగరే. అయ్యగారి మజ్జిగలో నానిన చీరాయె, కరక్కాయకి మించిన వగరు ఇంకేముంది? ఇద్దరికీ నాలుకలు మొద్దుబారి, మాట ముద్దముద్దగా వస్తోంది. అమ్మమ్మ గరిటె పట్టుకుని వచ్చి, బల్ల మీద వంగి చీర నాకుతున్న కూతుర్నీ మనవరాలినీ చూసి, "ఏవండీ! పిల్లలకేదో అయింది, మళ్ళీ ప్రార్థన మొదలెట్టండి!" అని కేక పెట్టింది.

"వద్దమ్మా!" అని ఇద్దరం ఒకేసారి అరిచాం.

ఇక చేసేదేముంది? పిన్ని ఒకచోట "ఇక్కడేనేమో" అని ఒక్క చిలకని కొట్టి, కాదనుకుని, ఇంకోచోటి నుంచి, పటిక నీళ్ళు అయిపోయేదాకా గుడ్డిగా అద్దుకుంటూ పోయింది. మూడు రోజులాగి, ఊరి పక్క పాలేట్లో జాడించి, దొడ్లో గంగాళం పొయ్యి మీద పెట్టి ఉడకబెట్టాం. అలాంటి రోజున ఇంట్లో అందరూ గంగాళం చుట్టూ మూగేవాళ్ళు, తాతయ్యతో సహా. కర్రతో చీర పైకెత్తినప్పుడల్లా ఏమీ లేని గుడ్డ మీద ఎర్రగా ముక్కులు, తోకలు, రెక్కలు పుట్టుకొస్తుంటే ఎన్నిసార్లు చూసినా ఒళ్ళు జలదరించేది. ఆ చీరలోనూ పుట్టుకొచ్చాయి. సగం దాకా చిలకలు బుద్ధిగా వరసలో కూర్చున్నాయి. ఆ తరవాత ఒకదాని నెత్తిన ఒకటి, ఒకదాని ముక్కు ఇంకోదాని కడుపులో. అదయ్యాక జానెడు కాదు, మూరలకి మూరలు ఖాళీ. ఖాళీ మధ్యలో ఒకే ఒక్క చిలక.

"ఇది కూడా మూటలోనేనా?" అన్నాడు తాతయ్య.

"మూటలోనే" అంది పిన్ని.

నందిగామకి నన్నూ తీసుకెళ్ళింది. ఆడపిల్ల ఒంటరిగా వెళ్ళకూడదని తాతయ్య పెట్టిన షరతు. పదేళ్ళ నేను ఆమెకి కాపలా! కానీ నేను కాపలాగా లేను. ప్రతి గుమ్మం దగ్గరా "అమ్మా, చీరలండీ, చేత్తో అద్దిన చీరలండీ" అని కేకలు పెట్టింది నేనే. పిన్నికి ముందు సిగ్గేసింది. రెండో వీధికి సిగ్గు పోయింది. మూడో వీధికి నన్ను మాట్లాడనివ్వలేదు. తాలూకా ఆఫీసు గుమస్తాల ఇళ్ళు, నర్సుల ఇళ్ళు, బజారు వెనక కోమట్ల ఇళ్ళు. "రంగు పోద్దేమో" అన్నవాళ్ళ ఇంటి బావి దగ్గరే చీర ముంచి పిండి చూపించింది. నీళ్ళు తేటగానే ఉన్నాయి. మధ్యాహ్నం ఎవరింటి అరుగు మీదో కూర్చుని అమ్మమ్మ కట్టిచ్చిన పులిహోర తిన్నాం. మూట తేలికైన కొద్దీ మా కాళ్ళు నేల మీద ఆనడం లేదు. సాయంత్రం బస్సు వేళకి మూటలో మిగిలింది ఒకటే. ఏదో చెప్పక్కర్లేదు.

ఆఖరి ప్రయత్నంగా ఒక హెడ్ నర్సమ్మగారింటికి వెళ్ళాం. ఆవిడ చీర విప్పి చూసి పడీపడీ నవ్వి, "ఏదీ, కట్టుకుని చూపించమ్మాయ్, మనిషి మీద ఎట్టా ఉంటదో చూద్దాం" అంది. పిన్ని లోపలికెళ్ళి కట్టుకొచ్చింది. నేను నోరు తెరిచాను. కొట్టుకునే చిలకలన్నీ కుచ్చిళ్ళలోకి వెళ్ళి, నడుస్తుంటే విసనకర్రలా విచ్చుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. ఖాళీ అంతా పమిట మీదకొచ్చింది. భుజం దగ్గర ఒకే ఒక్క చిలక.

"బానే ఉంది గానీ, నా వయసుకి కాదులే" అంది నర్సమ్మగారు. అంతలో బస్సు హారను. విప్పి మార్చుకునే వ్యవధి లేదు. పాత చీర మూటలో కుక్కి, చిలకల చీరతోనే పరుగు.

బస్సులో మా ఎదురుగా కూర్చున్నావిడ చిల్లకల్లు రైతుల ఇంటి మనిషి. చేతుల నిండా గాజులు, ఒళ్ళో బుట్ట నిండా నందిగామ సంత. ఎక్కినప్పట్నుంచీ చీర వంకే చూస్తోంది.

"అమ్మాయ్, ఆ చీర ఎక్కడ కొన్నావే?"

"కొన్లేదండి. నేనే అద్దా."

"నువ్వే? మరి ఆ చిలకలేంటి, అట్టా పొడుచుకుంటున్నయ్యి?"

"తోడికోడళ్ళండి" అంది పిన్ని, కళ్ళార్పకుండా.

ముందు సీట్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ వేలు పెట్టి భుజం మీది చిలకని చూపించింది.

"మరి ఇదో?"

"అది వేరు కాపురం పెట్టిందండి."

బస్సు బస్సంతా నవ్వు. కండక్టరు టిక్కెట్లు కొట్టడం ఆపేశాడు. ఆవిడైతే బుట్టలో వంకాయలు దొర్లిపోతున్నా చూసుకోకుండా కళ్ళు తుడుచుకుంటూ నవ్వి నవ్వి, "ఓయమ్మా, ఈ చీర నాకిచ్చెయ్యవే. మా పెద్ద తోడికోడలి ఎదురుగ్గా కట్టుకుని తిరగాల. నీ ఇష్టం, ఎంతన్నా చెప్పు. చిల్లకల్లులో మా ఇంటికొచ్చి నీ చీర మార్చుకుని, వెనక బస్సుకి పోదువుగాని" అంది.

అయిపోయింది, గెలిచాం! పిన్ని వైపు చూశాను. పిన్ని భుజం మీది చిలకని వేళ్ళతో తడుముకుంటోంది.

"ఇది ఇవ్వనండి."

"అదేందే! అమ్మటానికి గాదా అద్దింది?"

"మిగతావన్నీ అమ్మటానికేనండి. మీకు ఇట్టాంటిదే ఇంకోటి అద్ది తెస్తా. ఇది మాత్రం నాది."

నేను పిన్ని నడుం మీద గిల్లాను. "ఇచ్చెయ్ పిన్నీ, తాతయ్య... ట్రైనింగూ..." అని చెవిలో ఏడ్చినంత పని చేశాను. పిన్ని నా చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుని గట్టిగా పట్టుకుంది. ఓడిపోతానని తెలియక కాదు, తెలిసే అంది. చిల్లకల్లులో ఆవిడ దిగి, బస్సు కదిలేదాకా నిలబడి, "మనసు మారితే కబురు చెయ్యి!" అని కేకేసింది. మారలేదు. చిల్లకల్లు నుంచి జగ్గయ్యపేట ఎంత దూరం? నాకు మాత్రం ఆ దారి తరగలేదు.

తాతయ్య గుమ్మంలోనే ఉన్నాడు. ముందు మూట చూశాడు. తరవాత పిన్నిని పైనుంచి కింద దాకా చూశాడు.

"అది మూటలోదేనా?"

"మూటలోదే నాన్నా."

"అయితే గడప తొక్కుతోంది."

"తొక్కుతోంది" అని పిన్ని ఒక కాలు గడప లోపల పెట్టి నిలబడింది.

నేనింక ఆగలేకపోయాను. "కొంటానన్నారు తాతయ్యా! బస్సులో! ఎంతైనా ఇస్తానంది! పిన్నే ఇవ్వనంది!"

ఆయన నా మాట నమ్మనట్టు పిన్ని వైపు తిరిగాడు. "కొంటానన్నారా?"

"అన్నారు."

"అమ్మేస్తే గెలుస్తావని తెలుసుగా?"

"తెలుసు."

"మరి?"

"ఆవిడ అడిగాకే నాన్నా, ఇది నాదని నాకు తెలిసింది."

తాతయ్య గడియారం వైపు చూశాడు. ఏమీ తోచనప్పుడు ఆయన చేసే పని అదే. అమ్మమ్మ వంటింట్లోంచి వచ్చి ఆయన వెనక నిలబడింది, ఈసారి "సరేలెండి" అనలేదు. ఆయన గడియారం వదిలి పిన్ని వైపు తిరిగాడు.

"నీకు వ్యాపారం రాదు. అది మాత్రం చెప్తున్నా."

"నేర్చుకుంటా."

"ఆ చీర ఇవ్వనిదానివి, ఏం నేర్చుకుంటావ్!" అని గుమ్మంలోంచి పక్కకి జరిగి, "ట్రైనింగు వాళ్ళకి రేపు చెప్పేస్తాలే. ఆ సీటు కావలసినవాళ్ళు ఉంటారు" అన్నాడు.

ఆయన మాట తప్పగా నేను చూసింది అదొక్కసారే.

ఆ రోజు పిన్ని వయసు ఇప్పటి నా వయసుకన్నా తక్కువ. మొన్న ఆమె వచ్చినప్పుడు వేళ్ళ మీద లెక్కేసుకుని తెలుసుకున్నాను, తెలిసి అదోలా అయింది. ఇప్పుడు బజారు నిండా నైలాను చీరలు, మిల్లు అచ్చు చీరలు. పిన్ని ఇంకా అద్దుతూనే ఉంది, ఇద్దరు అమ్మాయిలకి నేర్పుతూ. నేనేమో పెళ్ళిచీరలు కలరా ఉండలు వేసి పెట్టె అడుగున దాచాను. బాబుకి వచ్చిన మంచి చొక్కాలు మరకలవుతాయని తొడగకుండా, వాడికి పొట్టయ్యేదాకా ఉంచాను. ఆ బస్సులో నేనైతే చిల్లకల్లు రాకముందే చీర మడిచి ఇచ్చేసి, మాట నిలబెట్టుకుని ఇంటికొచ్చి, ఆ చిలక ఎవరి భుజం మీదుందో అని ఏళ్ళ తరబడి తలుచుకునేదాన్ని. పిన్నిలా ఉండడం నాకు ఎలాగూ రాదు. కనీసం ఆ సాయంత్రం ఇంకా ఏం జరిగిందో మర్చిపోకుండా రాసిపెట్టుకుంటాను.

తాతయ్య లోపలికి వెళ్ళగానే పిన్ని నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పింది. కుచ్చిళ్ళలో తోడికోడళ్ళందరూ బయటికొచ్చారు. అంత పోరాడి దక్కించుకున్న చీరని విప్పి, మడిచి, పెట్టెలో దాచుకుంటుందనుకున్నాను. పిన్ని కొంగు నడుముకి చుట్టి బిగించి, తిన్నగా దొడ్లోకి వెళ్ళింది. కరక్కాయల పొడి తీసింది, గేదెపాలు గిన్నెలో పోసింది, తుప్పు జాడీ మూత తీసి కర్రతో కలిపింది. నల్లటి చుక్క ఒకటి ఎగిరి చిలకల మధ్యన పడింది.

"ఒసే దయా, కొత్త చీర! పాడైపోయిద్దే!" అని అమ్మమ్మ వంటింట్లోంచి లబలబలాడింది.

"పాడైతే ఇంకోటి అద్దుకుంటానమ్మా!" అంది పిన్ని, తల కూడా ఎత్తకుండా.